ఊయల గిన్నె

ఆవం తెరిచే పొద్దున కుమ్మరి ఉస్తా హోల్మత్ ఇంట్లో ఎవరూ గొంతెత్తి మాట్లాడరు. ఆవం మూతికి కట్టిన ఇటుకల్ని ఆ ముసలాయన ఒక్కొక్కటే, చంటిపిల్ల నిద్ర చెడకుండా దుప్పటి తీస్తున్నట్టు తీసి పక్కన పెడతాడు. లోపలి వేడి గుప్పుమని ముఖానికి కొడుతుంది. జీవితమంతా చేసిన పనే అయినా, మొదటి పళ్ళెం బయటపడేదాకా ఆయన ఎవరి వంకా చూడడు.

కోడలు మొహిరా గడ్డి పరిచిన బుట్ట పట్టుకుని వెనకాల నిలబడింది. నెలలు నిండుతున్న పొట్ట బరువుకి నడుం మీద చెయ్యి వేసుకుంది. ముందు పెద్ద పళ్ళాలు వచ్చాయి, తర్వాత టీ గిన్నెలు. చివరికి మావగారు చెయ్యి లోపలికంటా పెట్టి, ఆకుపచ్చటి చిన్న గిన్నె ఒకటి తీసి ఎండలో పట్టుకున్నాడు.

దాని అడుగున నీళ్ళు నిలిచి ఉన్నాయనుకుంది మొహిరా. వేలు పెట్టి చూసింది. పొడిగా ఉంది. నీళ్ళు కావు, పూత. ప్రతిసారీ ఇలాగే మోసపోతుంది. మోసపోయిన ప్రతిసారీ ఒళ్ళు జల్లుమంటుంది. నేలలోంచి తవ్విన మట్టి, ఇంత రాయిపొడి, ఇంత లోహం, ఒక రోజు మంట. వాటిలోంచి ఇది ఎలా పుడుతుందో ఆమెకు ఇప్పటికీ అంతుపట్టదు.

"పుట్టబోయేవాడిది," అన్నాడు హోల్మత్, ఆమె చేతిలో పెడుతూ. ఆయన నవ్వే రోజులు తక్కువ. ఇది వాటిలో ఒకటి.

ఆ ఇంట్లో బిడ్డ పుట్టక ముందే హోల్మత్ చేత్తో ఒక గిన్నె తయారవుతుంది. ఊయల వేసిన రోజున దాన్ని తల దగ్గర పెడతారు. బడికి వెళ్ళేదాకా ఆ బిడ్డ తిండి ఆ గిన్నెలోనే. వేరే గిన్నెలో పెడితే పిల్ల భాగ్యం వేరే ఇంటికి పోతుందని అత్తగారు సబొహత్ నమ్మకం. ఆవిడ నమ్మకాలకు ఎదురు చెప్పే ధైర్యం ఆ వీధిలో ఎవరికీ లేదు.

ద్రాక్షపందిరి కింద మొహిరా కూతురు జుమ్రద్ తన గిన్నె ముందేసుకుని కూర్చుంది. నాలుగో ఏడు నడుస్తోంది. గిన్నె అడుగు కాస్త వంకర. ముద్ద తినేముందు పిల్ల దాన్ని రెండు వేళ్ళతో గిరుక్కున తిప్పుతుంది, అది ఊగి ఊగి ఆగాక చెంచా ముంచుతుంది. గిన్నెలో పెరుగు. రాత్రి అందులోనే తోడు పెట్టి పొద్దున తీసిన గడ్డపెరుగు అది, తన చేత్తోనే తోడు పెట్టాలని సబొహత్ పట్టు. తినడం అయ్యాక పిల్ల పగిలిన పెంకుల్ని వరస పేరుస్తుంది, ముదురు ఆకుపచ్చ నుంచి లేత ఆకుపచ్చ దాకా. ఆ రంగులు కలిపేది మొహిరాయే. అయినా పక్కపక్క పెంకుల తేడా ఆమె కంటికి ఆనదు. ఒకసారి రెండు పెంకుల్ని దొంగతనంగా అటూ ఇటూ మార్చి చూసింది. పిల్ల తలెత్తకుండానే వాటిని మళ్ళీ సరిచేసింది. అంత చిన్న తలలో అంత వెలుగు ఎక్కడిదా అని మొహిరా విస్తుపోయింది. కాని ఆ పిల్ల ఇంతవరకు ఒక్క మాట మాట్లాడలేదు. పిలిస్తే తిరగదు. కొత్తవాళ్ళు వస్తే చెవులు మూసుకుని గోడకు తల కొట్టుకుంటుంది.

"సోమవారం వ్యాను వస్తుందట. పిల్ల బట్టలు సర్దు," అంది సబొహత్, పళ్ళాల బూడిద తుడుస్తూ.

"ఏ వ్యాను అత్తయ్యా?" మొహిరాకు తెలుసు. అయినా అడిగింది.

"తెలీనట్టు అడుగుతావేం? పట్నంలో ఇలాంటి పిల్లల్ని పెట్టుకునే ఇల్లుంది కదా. వేళకు తిండి పెడతారు, శుభ్రంగా ఉంచుతారు. ఇక్కడుండి ఏం బాగుపడుతోంది? అమ్మా అని పిలిచిందా నిన్ను, ఒక్కసారన్నా?"

"చిన్నపిల్ల కదా. ఇంకొన్నాళ్ళు..."

"కొన్నాళ్ళకి ఇంకోటి పుడుతుంది. దాని మీద దీని చూపు పడనివ్వను. నీ చేతగానితనానికి ఒక బిడ్డ ఇలా అయింది, చాలు."

ఆ చేతగానితనం ఏమిటో వీధి వీధంతా ఎరుగును. జుమ్రద్ పుట్టిన నలభై రోజుల లోపల ఒకనాడు, బిడ్డను చంకనేసుకుని వంగినప్పుడు మొహిరా మోకాలు తగిలి ఖాళీ ఊయల ఊగింది. రెండు ఊపులు ఊగి ఆగింది. గుమ్మంలో సబొహత్ చూసింది. ఖాళీ ఊయల ఊపితే బిడ్డ ప్రాణంలో సగం అందులోంచి జారిపోతుందట. ఆ రోజు నవ్వుకున్న మొహిరా, పిల్ల రెండేళ్ళు నిండినా నోరు విప్పకపోయేసరికి నవ్వడం మానేసింది. ఇప్పుడు ఆ మోకాలిని చూసుకున్నా ఆమెకు కంపరం పుడుతుంది.

మొగుడు ఎర్గాష్ పళ్ళాలు మోసుకెళ్తూ ఈ మాటలన్నీ విన్నాడు. ఎదురు చెప్పడం అతనికి రాదు. చదువు ఒంటబట్టలేదు, గడియారం చూడటం ఇప్పటికీ తికమకే, సారె దగ్గర చెప్పిన పని గుమ్మం దాటేలోపు మరిచిపోతాడు.

"ఒరే మట్టిబుర్రా, ఆ పక్కన కాదు, ఈ పక్కన!" అని తండ్రి కేకేశాడు. పక్కింటివాళ్ళు గోడ అవతల నవ్వారు. కుమ్మరి ఇంట్లో మట్టిబుర్ర పుట్టక ఇంకేం పుడుతుందన్నది ఆ వీధిలో పాత హాస్యం. ఎర్గాష్ కూడా నవ్వి, పళ్ళాలు ఈ పక్కకు మార్చాడు.

మర్నాడు డాక్టరు ఇరోద వచ్చింది. ముప్పై దాటని మనిషి, తలకు పువ్వుల రుమాలు, భుజాన బరువైన సంచి. కిందటి వారం ఆవిడ మనుషులే వీధిలోని చిన్నపిల్లలందరి వేళ్ళు గుచ్చి ఒక్కో చుక్క రక్తం తీసుకెళ్ళారు. గడపలో నిలబడే చెప్పింది, డొంకతిరుగుడు లేకుండా.

"మీ జుమ్రద్ రక్తంలో సీసం ఉందమ్మా. ఈ వీధి పిల్లలందరిలోకి ఎక్కువ. ఎక్కణ్ణుంచి వస్తోందో వెతకాలి. మీ ఇల్లు చూడనిస్తారా?"

సబొహత్ ముఖం మాడ్చుకుంది గాని, గడపలోకి వచ్చిన మనిషిని నిలబెట్టడం ఆ ఇంటా వంటా లేదు. పందిరి కింద బట్ట పరిచి, రొట్టె విరిచి పెట్టింది. ఇరోద సంచిలోంచి గోడకు కన్నాలు వేసే మిషన్ లాంటిది ఒకటి తీసింది.

"ఏమమ్మా, మా ఇల్లు పేల్చేస్తావా?" అన్నాడు హోల్మత్. "ముందు టీ తాగు. తర్వాత పేలుద్దువుగాని."

"పేలదు బాబాయ్. దేనికన్నా ఆనిస్తే అందులో ఏ లోహం ఉందో చెబుతుంది, అంతే."

"కొరికి చూడకుండానే?"

"కొరక్కుండానే."

"మా ఆవిడ కన్నా నయమే," అన్నాడాయన. ఇరోద నవ్వాపుకోలేక టీ ఒలకబోసుకుంది.

ఆవిడ గోడ రంగు చూసింది, తలుపు చూసింది, పిల్ల కళ్ళకు పెట్టే సుర్మా చూసింది. కుళాయి, కారం డబ్బా, రబ్బరు బాతు, ఎర్గాష్ పనిబట్టలు. బట్టల దగ్గర మిషను ఒకసారి గట్టిగానే పలికింది. ఆ దుమ్ముతో పిల్లను ఎత్తుకోవద్దని చెప్పింది. మొహిరా ఆమె వెనకే నడిచింది. కంటికి కనబడనిది, ముక్కుకు తెలియనిది, నాలుకకు అందనిది ఈ ఇంట్లో తమతో పాటు తిని పడుకుంటోందన్న మాట ఆమెకు భయం కన్నా ముందు అబ్బురంగా తోచింది. ఈ గోడల్ని రోజూ తుడుస్తోంది తను. దేన్ని తుడుస్తున్నట్టు?

"ఇంత దుమ్ముకే అంత రక్తంలోకి రాదు. ఇంకేదో ఉంది," అని గొణుక్కుంటూ ఇరోద పందిరి కిందికి తిరిగొచ్చింది. జుమ్రద్ పెరుగు తినేసి, ఖాళీ గిన్నెను తిప్పుతోంది. గిన్నె ఊగి ఊగి ఆగింది. ఇరోద ఒక్క క్షణం చూసి, మిషను మూతి దానికి ఆనించింది.

మిషను చూపిన సంఖ్య దాని తెర మీద పట్టనంత పొడుగుంది. ఆవిడ గిన్నె తుడిచి మళ్ళీ ఆనించింది. మళ్ళీ అదే.

"బాబాయ్, ఈ పూతలో ఏం వేస్తారు?"

"సీసమే వేస్తాం," అన్నాడు హోల్మత్, దాపరికం ఏమీ లేకుండా. "పాత బ్యాటరీ పలకలు కరిగిస్తే పసుపుపచ్చటి పొడి అవుతుంది. పలుగురాయి పొడి, గంజి కలిపి పూస్తాం. ఆకుపచ్చకు రాగి. అదంతా నిప్పులోకి పోతుంది కదమ్మా! నిప్పులో పడ్డది ఇంకా సీసంలా ఎందుకుంటుంది? గాజైపోతుంది. నిప్పు అన్నిట్నీ కడిగేస్తుంది."

మొహిరాకూ అదే నమ్మకం. ఆ వీధిలో అందరికీ అదే నమ్మకం. పొయ్యిలో పొడి పోసేటప్పుడు ముక్కుకు గుడ్డ కట్టుకునేవాళ్ళే, ఆవంలోంచి వచ్చినదాన్ని మాత్రం కళ్ళకద్దుకుంటారు.

"కడగదు బాబాయ్," అంది ఇరోద మెల్లగా. "మంట అన్నిచోట్లా ఒకేలా తగిలితే గాజు సీసాన్ని కొంత పట్టి ఉంచుతుంది. కట్టెల ఆవంలో అలా తగలదు. రాగి కలిస్తే ఇంకా వదులవుతుంది. పైగా పులిసిన పెరుగు రాత్రంతా అందులోనే ఉంటే లోపలి సీసాన్ని లాగేస్తుంది."

"లాగితే? కడుపులోకి పోయింది బయటికి పోదా?"

"అక్కడే ఉంది అసలు సంగతి." ఇరోద పిల్ల వైపు చూసింది. "సీసం సున్నంలా ఉంటుంది, పాలల్లో ఉండే సున్నంలా. ఒంటికి తేడా తెలీదు. ఎముకలకు పనికొచ్చే సరుకే వచ్చిందనుకుని తలుపు తీసి లోపల పెట్టుకుంటుంది. ఈ వయసు పిల్లల తలలో రోజూ కొత్త దారులు పడుతుంటాయి. ఆ దారులు వేసేచోటికి కూడా ఇది పోతుంది. తల్లి ఎముకల్లో దాచుకున్నది కడుపులో బిడ్డకు కూడా ఇస్తుంది."

మొహిరా చెయ్యి పొట్ట మీదికి పోయింది. లోపల బిడ్డ కదిలింది. తల్లి తెలియక తన ఎముకలు కరిగించి మరీ ఇస్తోంది, బిడ్డ నమ్మి తీసుకుంటోంది. ఎవరు ఎవరికి ద్రోహం చేసినట్టు? ఇంత గొప్పగా కట్టిన ఒంటికి ఇంత అమాయకత్వం ఎందుకు పెట్టాడో దేవుడు, అనుకుంది.

"అయితే దీనికి మాటలు రాకపోవడం..." అంది పిల్ల వైపు చూస్తూ.

"అంతా దీనివల్లే అని చెప్పలేనమ్మా. అబద్ధం అవుతుంది. కొందరు పిల్లలు పుట్టడమే ఇలా పుడతారు. అది ఎవరి తప్పూ కాదు. కాని సీసం దాన్ని ఇంకా కష్టం చేస్తుంది. ఆపడం మన చేతిలో ఉంది. ఇవాళే ఆపాలి."

హోల్మత్ లేచి నిలబడ్డాడు. మెడ నరాలు పొంగాయి. "ఈ గిన్నెల్లోనే మా నాన్న తిన్నాడు. నేను తిన్నాను. ఈ ఊరు ఊరంతా తింది. సీసం తిన్నవాణ్ణయితే ఇలా ఉంటానా నేను?" తర్వాత మర్యాద గుర్తొచ్చి, రెండు రొట్టెలు గుడ్డలో చుట్టి ఆవిడ చేతిలో పెట్టాడు. "వెళ్ళి రామ్మా. మళ్ళీ ఆ తుపాకీ తేవద్దు."

"సోమవారం మళ్ళీ రక్తం తీయడానికి రావాలి బాబాయ్," అంది ఇరోద. రొట్టెలు కళ్ళకద్దుకుని వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం నుంచి మొహిరా పిల్లకు ఎనామెల్ గిన్నెలో పెట్టింది. జుమ్రద్ దాన్ని రెండు వేళ్ళతో పట్టుకుంది. తిప్పబోయింది. వదిలేసి కెవ్వున ఏడ్చింది. గాజుగ్లాసు పెడితే విసిరేసింది. చేత్తో తినిపించబోతే నోరు బిగించింది. మర్నాడంతా నీళ్ళూ, ఎండురొట్టె అంచులూ తప్ప ఏదీ ముట్టలేదు. ఏడ్చి ఏడ్చి గొంతు పోయి, పెంకుల వరస పక్కన అలాగే నిద్రపోయింది.

"చూశావా?" అంది సబొహత్. "తినే తిండి లాక్కున్నావు. పిల్ల సీసంతో కాదు, నీ డాక్టరమ్మ మాటలతో చస్తుంది. ఆ గిన్నె ఇటివ్వు."

"ఇవ్వను అత్తయ్యా."

సబొహత్ ఆ జవాబు వినడానికి అలవాటు పడిన మనిషి కాదు. మొహిరా గిన్నెను వీపు వెనక పట్టుకుని నిలబడింది. ఆ ఆకుపచ్చ ఇప్పటికీ అందంగానే ఉంది, అదే ఆమెకు భరించరానిదిగా ఉంది. అసహ్యంగా మారిపోతే ఎంత బాగుండును.

హోల్మత్ పనిలోకి దిగలేదు. డాక్టరు వెళ్ళగానే కొడుకును కొండకు మట్టి తవ్వడానికి పంపేసి, తను సారె ముందు ఊరికే కూర్చున్నాడు. అన్నం దగ్గర పిల్ల ఏడుపు వినబడ్డప్పుడల్లా తల పైకెత్తి, మళ్ళీ దించుకునేవాడు. ఒకసారి మొహిరా అటుగా పోతుంటే, పనిపాక గోడలో పొదిగిన పాత పెంకు ఒకటి గీరుతూ కనిపించాడు. మొరటు పెంకు, నీలం వెలిసిపోయింది.

"మా తాతది," అన్నాడు ఆమె వంక చూడకుండా. "అడివి మొక్కలు కాల్చి ఆ బూడిద పూసేవాడు. మెరుపు లేదని నవ్వేవాణ్ణి నేను. ఫ్యాక్టరీలో సీసం పూత నేర్చుకొచ్చి, ఇదిగో తాతా, మెరుపంటే ఇదీ అన్నాను."

మొహిరా ఏదో అనబోయింది. ఆయన చెయ్యి ఊపి పొమ్మన్నాడు.

సోమవారం ఇరోద ముందొచ్చింది, వ్యాను తర్వాత. వీధి చివరే వ్యాను హారను మోగింది. జుమ్రద్ చెవులు మూసుకుంది. సబొహత్ మూట కట్టిన బట్టలు అరుగు మీద పెట్టింది. రాత్రే కొండ నుంచి వచ్చిన ఎర్గాష్ చేతులకింకా మట్టితో గుమ్మంలో నిలబడ్డాడు. మొహిరా కూతుర్ని ఒళ్ళో కూర్చోబెట్టుకుని, చుట్టూ చేతులు కట్టేసుకుంది. ఆమె నుంచి పిల్లను తీయాలంటే ఆ చేతులు విరవాల్సిందే.

హోల్మత్ పనిపాకలోంచి వచ్చాడు. పందిరి కింద బట్ట పరిచాడు. దాని మీద జుమ్రద్ గిన్నె పెట్టాడు. దాని పక్కన పుట్టబోయే బిడ్డ గిన్నె పెట్టాడు. తర్వాత ఇంట్లోకి పోయి, గూట్లోంచి పాత తువ్వాలులో చుట్టిన ఇంకోటి తెచ్చి విప్పాడు.

అది కూడా ఆకుపచ్చదే. అదే చెయ్యి, అదే అంచు. ఎర్గాష్ ఊయల గిన్నె.

"ఆనించు," అన్నాడు ఇరోదతో.

ఆవిడ మిషను తీసింది గాని, గిన్నె లోపలికి చూసి ఆగిపోయింది. మొహిరా కూడా వంగి చూసింది. బయట పూత నిన్ననే ఆవంలోంచి తీసినట్టు నిగనిగలాడుతోంది. లోపల మాత్రం మెరుపు లేదు. పెరుగు నిలిచే గీత దాకా చుట్టూ పూత తెల్లబారి, గరుకై, చివరికి వట్టి మట్టి కనిపిస్తోంది.

"చెంచాతో గీకితే పోయేది కాదిది," అన్నాడు హోల్మత్. "ఇన్నాళ్ళూ కొత్త గిన్నెలే చూసుకున్నాను. పాతవాటి లోపల చూడలేదు. బడికి పోయేదాకా వాడు రోజూ దీంట్లోనే తిన్నాడు." వేలు పెట్టి ఆ గరుకును తడిమాడు. "ఇంత మెరుపు పూశానే. ఎక్కడికి పోయిందమ్మా ఇదంతా?"

మొహిరా తల తిప్పి మొగుణ్ణి చూసింది, గడియారం చూడలేని ఆ మనిషిని, సారెకూ గుమ్మానికీ మధ్య మాట మరిచిపోయే ఆ మనిషిని. ఇన్నేళ్ళుగా వీధంతా నవ్విన నవ్వు ఈ గిన్నె అడుగున ఉందా?

సబొహత్ అరుగు మీద చతికిలబడింది. "నేనేగా పెట్టింది," అంది ఎవరితోనో. "వాడికీ నేనే, దీనికీ నేనే. నా చేత్తో తోడు పెట్టి మరీ..." కోడలి వంక చూసి, వెంటనే చూపు దించుకుంది. ఊయల మాట ఆ తర్వాత ఆ ఇంట్లో ఎవరూ ఎత్తలేదు.

హోల్మత్ వీధిలోకి వెళ్ళి, వ్యాను డ్రైవరు చేతిలో రెండు రొట్టెలు పెట్టాడు. "మా పిల్ల రాదు నాయనా. శ్రమ పడి వచ్చావు, ఏమనుకోకు," అన్నాడు. వ్యాను దుమ్ము రేపుకుంటూ వెళ్ళిపోయింది. మొహిరా చేతుల కట్టు అప్పటికి వదులైంది. ఎంత గట్టిగా పట్టుకుందో, వేళ్ళు చాచడానికి కాసేపు పట్టింది.

ఇరోద పిల్ల వేలు గుచ్చి రక్తం తీసుకుంది. పిల్ల నీరసంగా ఏడ్చింది. "ఏమన్నా తింటోందా?" అని అడిగింది.

"గిన్నె మారిస్తే తినట్లేదు," అంది మొహిరా. ఎనామెల్ గిన్నెలో గడ్డపెరుగు కొద్దిగా వేసి చూపించింది. జుమ్రద్ రెండు వేళ్ళతో పట్టుకుని, తిప్పబోయి, తోసేసింది.

గుమ్మంలోని ఎర్గాష్ అది చూశాడు. కొండకు పోయాడు కనక ఇదే మొదటిసారి చూడటం. వచ్చి కింద కూర్చుని, ఎనామెల్ గిన్నెను పైకెత్తి అడుగు చూశాడు. చదునైన అడుగు, ఊగేది కాదు. తలూపి, గుమ్మం పక్కనున్న తట్టలోంచి పచ్చిమట్టి ముద్ద ఒకటి తీశాడు. అరచేతిలో బొంగరపు కింది కొనలా ఉండ చేసి, గిన్నె అడుగుకు అతికించాడు. పక్కనున్న చెక్క మీద పెట్టి, రెండు వేళ్ళతో గిరుక్కున తిప్పాడు.

గిన్నె తిరిగింది. ఊగింది. ఊగి ఊగి ఆగింది.

జుమ్రద్ ఏడుపు ఆపింది. గిన్నె వైపు చూసింది, తర్వాత తండ్రి వేళ్ళ వైపు. తనే ఒకసారి తిప్పింది. ఆగేదాకా కాచుకుంది. చెంచా ముంచింది.

పిల్ల తింటుంటే ఎవరూ కదల్లేదు. ఆవం తెరిచే పొద్దున ఉన్నట్టే ఉంది ఆ నిశ్శబ్దం. చెంచా ఎనామెల్‌కు తగిలే చప్పుడు మాత్రం వినబడుతోంది. మొహిరా కూతుర్ని చూడాలో, మొగుణ్ణి చూడాలో తెలియక ఇద్దరి మధ్యా తిరిగే ఆ గిన్నెనే చూస్తూ ఉండిపోయింది.

"నీకెలా తెలిసిందిరా?" అన్నాడు హోల్మత్.

"నేనూ అట్టాగే తిప్పేవాణ్ణి కదా నాన్నా," అన్నాడు ఎర్గాష్. "అది ఆగితేనే తినబుద్ధయ్యేది."

హోల్మత్ కొడుకు పక్కన నేల మీద కూర్చున్నాడు. ఆ పాత గిన్నె ఇంకా చేతిలోనే ఉంది. "అన్నంతో ఆటలా అని కొట్టేవాణ్ణి," అన్నాడు. "దస్తర్‌ఖాన్ పరిచి తినేచోట, అందరి ముందూ. చాలాసార్లు కొట్టాను కదరా, ఎర్గాష్?"

మట్టిబుర్రా అని కాకుండా తండ్రి తన పేరు పెట్టి పిలవడం ఎర్గాష్ ఎప్పుడు విన్నాడో. తల దించుకుని, వేళ్ళకంటిన తడిమట్టి ఉండ చుట్టుకుంటూ కూర్చున్నాడు.

"గుర్తులేదు నాన్నా," అన్నాడు.

అతనికి అబద్ధం ఆడటం రాదని మొహిరాకు తెలుసు. అదొక్కటీ ఆడాడు. పిల్ల గిన్నెను మళ్ళీ తిప్పింది, అందరూ అది ఆగేదాకా కాచుకున్నారు.